నలుపంటే ఏ నలుపు?

పోయిన ఆదివారం ఎవరిదో పెళ్ళికి తయారవుతూ మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్ళరంగు తుడుచుకుంటోంది. రిమూవర్ సీసా మూత తీసిందో లేదో, వంటింట్లోంచి మా ఇంటామె కేకేసింది: "ఆ సీసా మీ నాయన కంట పడనియ్యకు!" ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఆ వాసన ముక్కుకు తగలగానే కడుపులో తిప్పినట్టయింది. సుమారు ఇరవై ఏళ్ళ కిందట నా చేతిలో బెల్లప్పాకంలా సాగిపోయిన ఇంజన్ గుర్తొచ్చింది. దాని కథ తర్వాత చెప్తాను. ముందు గేటు దగ్గరికి పోవాలి.

* * *

మా నాయన రైల్వేలో గేట్‌మన్. మహబూబ్‌నగర్‌కూ దేవరకద్రకూ మధ్య ఎడ్లబండ్లు, మేకల మందలు, అప్పుడప్పుడు ఒక లారీ దాటే గేటు. పట్టాల పక్కన గుమ్టీ, అంటే గేట్‌మన్ కూర్చునే చిన్న గది. దాని వెనక మా ఇల్లు. ఇల్లంటే ఒక గది, ముందు రేకుల వసారా. సికింద్రాబాద్ నుంచి గద్వాల, కర్నూలు మీదుగా ద్రోణాచలం పోయే ఆ లైను అప్పట్లో మీటర్ గేజ్. పట్టాల మధ్య ఒక్క మీటరే. నేనూ మా తమ్ముడూ చెరొక పట్టా మీద నిలబడి చేతులు పట్టుకుని నడిచేవాళ్ళం. ఇప్పటి పెద్ద పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. ఆ వయసు పిల్లలకు అందవు.

గుమ్టీలో పిడి తిప్పి మాట్లాడే ఫోన్ ఉండేది. స్టేషన్ మాస్టర్ బండి వదులుతున్నానని చెప్పి, ఆ మాటకు రుజువుగా ఒక ప్రైవేట్ నంబర్ ఇచ్చేవాడు, నాయన కూడా ఒక నంబర్ చెప్పి రెండూ రిజిస్టర్‌లో రాసేవాడు. రాసేటప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. తర్వాత బయటికొచ్చి చక్రం తిప్పి గేటు దించేవాడు. ఎర్ర జెండా చుట్టి చంకలో, పచ్చ జెండా చేతిలో. రాత్రయితే కిరసనాయిలు లాంతరు. దానికి ఎర్ర అద్దం, పచ్చ అద్దం తిప్పుకునే వీలుండేది. వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు మేం నిద్రలో ఉండేవాళ్ళం. ఐనా మంచం కోళ్ళు వణికితే బండి పోయిందని తెలిసేది. పొద్దున లేచి ఇద్దరం వాదించుకునేవాళ్ళం, రాత్రి బొగ్గింజనా, డీజిలా అని.

బొగ్గింజన్లంటే వైపీలు, వైజీలు. వైపీ ప్యాసింజర్ బండ్లకు: ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. వీటిలో చాలా జంషెడ్‌పూర్ టెల్కోలో తయారయ్యాయి. వైజీ గూడ్సుకు, దానికి పెద్ద చక్రాలు ఎనిమిది. ఈ లెక్కలన్నీ నాకు పెద్దయ్యాక తెలిసినవి. అప్పుడు తెలిసింది చప్పుడే. వైపీ చక్రాలు పెద్దవి, ఊపిరి పొడుగ్గా తీసేది. వైజీ దమ్ము పట్టిన ముసలాయనలా గబగబా ఊపిరి కొట్టుకుంటూ వచ్చేది. డీజిలైతే, ఆల్కో కంపెనీ నమూనా వైడీఎం-4, నిలకడగా గునిసేది. దాన్ని చూడటానికి మేం పరిగెత్తేవాళ్ళం కాదు.

ఇంజన్ పోయాక అమ్మ తట్ట తీసుకుని పట్టాల వెంట నడిచేది. కుదుపుకు రాలిన రాక్షసి బొగ్గు ఏరుకొచ్చేది. సీతాఫలాల కాలంలో బాలానగర్ వైపు నుంచి వచ్చే ప్యాసింజర్ దాటితే గంపల వాసన గాలికి కాసేపు నిలిచేది. ఎవరో ఒకరు కిటికీలోంచి గింజలు ఉమ్మేవాళ్ళు. మా ఇంటి వెనక మొలిచిన రెండు సీతాఫలం చెట్లు అట్లా ఉచితంగా వచ్చినవే.

* * *

నా మొదటి ఇంజన్ పాత టార్చిలైటుతో చేసింది. టార్చి గొట్టం బాయిలర్, అగ్గిపెట్టెల మీద అట్ట అతికించి క్యాబు (డ్రైవర్ ఉండే గది), దారం కండెలు చక్రాలు. సైకిల్ పుల్ల వంచి చక్రాలను కలిపే కడ్డీ పెట్టాను. టార్చి అసలు రంగు వెండిలా మెరుస్తుంది కదా, దానికి నల్లరంగు వేయాలి. రంగు ఎక్కడ దొరుకుతుంది? మహబూబ్‌నగర్‌లో గడియారం దగ్గర బోర్డులు రాసే పెయింటర్ చాచా దగ్గర.

బడి నుంచి వచ్చేటప్పుడు ఆ దుకాణం ముందు ఆగడం నాకు అలవాటు. దుకాణమంటే మెట్ల కింద సందు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే చేత్తో రాసేవాడు. ఉర్దూ కుడి నుంచి మొదలుపెడతాడు, తెలుగు ఎడమ నుంచి. రెండూ మధ్యలో గుద్దుకోకుండా ఎట్లా సరిపోతాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద రెండు కొసలా లాగి పట్టి, మధ్యలో పైకి లేపి వదిలేవాడు. టప్ అని చప్పుడు, తెల్లటి గీత. ఒక కర్ర రేకుకు ఆనించి, దాని మీద మణికట్టు పెట్టి బ్రష్ తిప్పేవాడు. టర్పెంటైన్, బీడీ పొగ, పక్క హోటల్ నుంచి ఉల్లిగడ్డ సమోసా వాసన. మూడూ కలిస్తే అది చాచా దుకాణం.

అడగ్గా అడగ్గా ఒక మూతలో రెండు చెంచాల నల్ల ఎనామిల్ పోసిచ్చాడు. ఇంటికి తీసుకుపోయి ఒకే దెబ్బకు మొత్తం పూశాను. రెండు రోజులైనా ఆరలేదు. కింద వైపు రంగు కారి బొట్లు కట్టింది. ఐనా నాకు గొప్పగానే కనబడింది. తీసుకుపోయి చూపిస్తే చాచా కళ్ళద్దాలు పైకి నెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఇంజన్ గాదు బేటా. కొత్త బూటు."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే పాలిష్ పెట్టిన బూటులా తళతళలాడుతోంది.

"ఇంజన్ నల్లగనే ఉంటది గద చాచా?"

"ఏ నలుపు? బొగ్గు నలుపా, చమురు నలుపా, పొగ నలుపా? పోయి చూసి రా. చూసినంక చెప్పు."

పోయి చూశాను. ఒక సెలవు రోజు పొద్దంతా గుమ్టీ అరుగు మీద కూర్చుని ఇంజన్లను నలుపు కోసమే చూశాను. పొగగొట్టం చుట్టూ బూడిద రంగు. బాయిలర్ పైన మసి, అది అసలు మెరవదు. నీళ్ళు కారిన చోట తెల్లటి చారలు. చక్రాల దగ్గర చమురు, అక్కడ మెరుస్తుంది. ఇక మెట్ల నుంచి కిందికంతా మా పాలమూరు చల్క దుమ్ము, ఎర్రగా. నల్లటి ఇంజన్‌లో నలుపు ఎక్కడా లేదు! ఆ రోజు నాకు కలిగిన దిగ్భ్రమ ఇంతని చెప్పలేను. ఇన్నేళ్ళు రోజూ చూసిన దాన్ని చూడనే లేదన్నమాట.

చాచా నా టార్చిని గరుకు కాయితంతో తోమించాడు. నల్లరంగులో కాస్త తెలుపు, చిటికెడు రెడ్ ఆక్సైడ్, మెరుపు చావడానికి సుద్దపొడి కలిపాడు. "పల్చగ వెయ్, ఆరనియ్, మళ్ళ పల్చగ వెయ్. మందంగ వేస్తే తొందరపడ్డట్టు తెలుస్తది." ఈ మాట తర్వాత నేను చదివిన మోడల్ పెయింటింగ్ పుస్తకాలన్నిట్లోనూ ఉంది, ఇంకా పొడుగ్గా. చిన్న బొమ్మ మీద అసలు రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం తేలిక చేసుకోవాలని కూడా వాటిలో రాశారు. చాచాకు పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు.

* * *

1992లో దేశమంతా ఒకే గేజ్ ఉండాలని రైల్వే పని మొదలుపెట్టింది. మా లైనుకు కూడా వంతు వచ్చింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో డిప్లొమా చదువుతున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా కొంత కొంత మాయమయ్యేది. ఒకసారి వస్తే కంకర కుప్పలు, ఒకసారి వస్తే కొత్త స్లీపర్లు, ఇంకోసారి వస్తే పాత పట్టాలు ముక్కలుగా లారీల మీద. ఆఖరి చిన్న బండి పోయిన రోజు నేను లేను. నాయన ఉన్నాడు. "ఎట్లుండె నాయనా?" అంటే, "ఎట్లుంటది, లేటుగ వచ్చింది" అన్నాడు.

ఒక్క ఫోటో లేదు మా దగ్గర. కెమెరా ఎవరికుంది?

నాయన రిటైరయ్యాక మేం మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. గుమ్టీ పడగొట్టారు. ఇప్పుడక్కడ అండర్‌పాస్ ఉంది, వానాకాలం మోకాలి లోతు నీళ్ళుంటాయి. దాని గురించి మాట్లాడితే వేరే పోస్టు అవుతుంది.

* * *

ఉద్యోగంలో చేరాక ఆఫీసు పని మీద పుణె పోయినప్పుడు, అక్కడ జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. బల్ల మీద ఊరికి ఊరే. సిగ్నళ్ళు పడుతున్నాయి, గేట్లు వాటంతటవే మూసుకుంటున్నాయి. గేటు బొమ్మ దగ్గర మాత్రం మనిషి లేడు, లేదా నాకు కనబడలేదు. ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అమెరికాలో ఉన్న మా మేనబావ వస్తూ ఏం తేవాలని అడిగాడు. ఇంట్లో ఒకరు సెంటన్నారు, ఒకరు వాచీ అన్నారు. నేను రైలింజన్ అన్నాను. "బిడ్డకా?" అన్నాడు. అప్పటికి మా అమ్మాయికి నడక కూడా రాలేదు. "ఆ, బిడ్డకే" అన్నాను.

వచ్చింది హెచ్‌ఓ సైజు డీజిల్ ఇంజన్. అసలు దానిలో 87వ వంతు. ఆ లెక్కలో మనిషి రెండు సెంటీమీటర్ల ఎత్తుంటాడు. పొడుగాటి ముక్కు, పక్కనే క్యాబు, దూరం నుంచి చూస్తే మా వైడీఎం-4 పోలికే. దాని అమెరికా రంగు తీసేసి మన రంగు వేద్దామనుకున్నాను. రంగు ఎట్లా తీయాలి? ఇంట్లో రంగు తీసేది ఒకటే ఉంది. గోళ్ళది.

దూది ముంచి క్యాబు మీద రుద్దాను. రంగు చక్కగా వచ్చింది. ఆనందం పట్టలేక ఇంకా రుద్దాను. వేలి కింద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే క్యాబు పైకప్పు జారి కిటికీలోకి దిగుతోంది. రిమూవర్‌లో ఉండేది అసిటోన్, ఆ జాతి ప్లాస్టిక్‌ను అది కరిగించేస్తుంది. ఈ ముక్క నాకు మరుసటి నెలలో తెలిసింది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. బాడీ విప్పి రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, గిన్నెల సబ్బుతో కడిగితే సరిపోయేది. మా ఇంటామె వచ్చి ఇంజన్ వైపు, ఖాళీ సీసా వైపు, నా వైపు చూసింది. సీసా గురించే తిట్టింది.

ఆ ఇంజన్‌ను పారేయలేదు. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని తుక్కు ఇంజన్ చేశాను. కింద తుప్పు రంగు వేసి, అక్కడక్కడా ఉప్పు రవ్వలు తడిపి అంటించి, పైన పాలిపోయిన రంగు కొట్టి, ఆరాక ఉప్పు రాల్చేస్తే పెచ్చులూడిన రేకులా వస్తుంది. కరిగిన కప్పు అచ్చం ప్రమాదంలో నలిగినట్టే ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళు నేను నెలల తరబడి కష్టపడిన వాటిని వదిలేసి ముందు దాన్నే మెచ్చుకుంటారు.

* * *

కానీ నాకు కావలసింది వైపీ. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే 12 మిల్లీమీటర్ల పట్టా కావాలి. ఆ కొలత టీటీ అనే చిన్న సైజు జర్మన్ బండ్లకు ఉంటుంది. అవి అసలులో 120వ వంతు. వాటి ఇంజన్ అడుగుభాగం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెప్పించి, పైన నా బాడీ కూర్చోబెట్టాలని ప్లాన్. వైపీ పెద్ద చక్రం 1,372 మిల్లీమీటర్లు, బొమ్మలో 15.8 రావాలి. నాకు దొరికినవి ఒక మిల్లీమీటరు తక్కువ. చూసేవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు, ఇప్పటికీ కళ్ళు అటే పోతాయి.

బాయిలర్‌కు కరెంటు వైర్లు పోసే పీవీసీ పైపు. దాని మీది గుండ్రటి బొడిపెలకు జాకెట్ టిచ్ బటన్లు సానబట్టి పెట్టాను. రివెట్ల కోసం పలచటి ప్లాస్టిక్ షీటును వెనక నుంచి సూదితో ఒక్కొక్కటే నొక్కాను, ఇంజన్ వెనక బొగ్గూ నీళ్ళూ ఉండే టెండర్ ఒక్కదానికే మూడు రాత్రులు. పట్టుకునే కడ్డీలు అర మిల్లీమీటరు ఇత్తడి తీగతో. ఇంత చేసి పట్టా మీద పెడితే చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. బరువు చాలలేదు. చెరువు దగ్గర చేపల వలలకు కట్టే సీసం గుండ్లు కొని బాయిలర్‌లో నింపాక పట్టు దొరికింది.

రంగు కొట్టడానికి కేకుల మీద రంగులద్దే చిన్న ఎయిర్‌బ్రష్, బేకరీ సామాన్ల కొట్లో దొరికింది. మా ఊళ్ళో దుమ్ము గురించి చెప్పనక్కర్లేదు, అందుకే బాత్రూమే నా స్ప్రే బూత్. ముందు వేడినీళ్ళు పట్టి ఆవిరితో దుమ్మును అణగనిచ్చి, గంట ఆగి, కిటికీ తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని కొట్టాలి. రంగు పల్చటి మజ్జిగలా ఉండాలి, గాలి ఒత్తిడి 15, 20 పీఎస్ఐ దాటకూడదు. మొదట బూడిద ప్రైమర్. ప్రైమర్ పడగానే నా తప్పులన్నీ లేచి నిలబడ్డాయి: గీతలు, జిగురు మరకలు, వంకర రివెట్లు. మళ్ళీ సానబట్టడం, మళ్ళీ ప్రైమర్. ఒకసారి ముసురు రోజున వార్నిష్ కొడితే తేమకు పాలు పోసినట్టు తెల్లబడింది. అప్పటి నుంచి వాన పడితే పని బంద్. అప్పుడు బాత్రూమ్ దొరికిందని ఇంట్లో అందరికీ సంతోషం.

నంబర్ దగ్గర ఆగిపోయాను. స్టిక్కర్ కాయితం మీద అచ్చేద్దామంటే మామూలు ప్రింటర్ తెల్ల అక్షరం వేయదు. చేత్తోనే రాయాలి. డబ్బాలో పెట్టుకుని చాచా ఇంటికి పోయాను.

అప్పటికే ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయి చాలా ఏళ్ళయింది. చాచా కళ్ళకు పొర వచ్చింది. ఇంజన్ చేతిలో పెడితే వేళ్ళతో తడిమాడు, బాయిలర్, టెండర్, మెట్లు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మెరుస్తుందా?"

"చక్రాల కాడనే, చాచా."

నవ్వాడు. బూటు మాట ఆయనకు గుర్తుందో లేదో నేను అడగలేదు. నంబర్ సంగతి చెప్తే, "ఒట్టి తెలుపు పెట్టకు, కండ్లల్ల గుచ్చుతది. చుక్కంత పసుపు కలుపు. ఊపిరి బిగబట్టి రాయొద్దు, చెయ్యి వణుకుతది. వదులుకుంట రాయి" అన్నాడు. కర్ర బదులు పెన్సిల్ మీద మణికట్టు ఆనించి, భూతద్దం కింద నాలుగు అంకెలు రాశాను. నాలుగోది కొంచెం పక్కకు ఒరిగింది. అట్లాగే ఉంచాను.

* * *

టెండర్‌లో బొగ్గుకు అమ్మ సాయం చేసింది. పాత ట్రంకు పెట్టెలో, ఇత్తడి ఇస్త్రీ పెట్టె కింద, గుడ్డలో మూట కట్టిన రాక్షసి బొగ్గు గడ్డ ఒకటి దొరికింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. సుత్తితో కొట్టి, టీ జల్లెడతో జల్లించి పోశాను. కింది భాగానికి దుమ్ము కూడా గేటు దగ్గరిదే. అండర్‌పాస్ పక్కన గుప్పెడు మట్టి తెచ్చి పాత ధోవతిలో వస్త్రగాలితం పట్టాను. మొదట మట్టిలో అయస్కాంతం తిప్పాలి, మన ఎర్రమట్టిలో ఇనుప రవ్వలుంటాయి, అవి మోటర్‌లోకి పోయి అంటుకుంటాయి. అయస్కాంతానికి మీసాల్లా అంటుకుని వచ్చాయి.

ఇది పూర్తయ్యేసరికి నాయన లేడు.

ఇప్పుడు గుమ్టీ చేస్తున్నాను. గోడలు అయ్యాయి, పిడి ఫోన్ అయింది, గేటు తిప్పే చక్రం అయింది. రెండు సెంటీమీటర్ల నాయన కూడా ఉన్నాడు, చంకలో ఎర్ర జెండా. తలుపు మాత్రం ఆర్నెల్లుగా బూడిద ప్రైమర్‌లోనే ఉంది. ఏ రంగో గుర్తులేదు. ఇంజన్ నలుపులో ఏడు రకాలు చెప్పగలిగినవాణ్ణి, రోజుకు పదిసార్లు దాటిన తలుపు రంగు చెప్పలేకపోతున్నాను. తమ్ముడు నీలం అంటాడు. నాకెందుకో పచ్చ అనిపిస్తుంది.

ఆదివారం ఆ రిమూవర్ వాసన తలలోంచి పోక, సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.

"గుమ్టీ తలుపు ఏం రంగే అమ్మా?"

కాసేపు మాట్లాడలేదు. టీవీ చప్పుడు వినబడుతోంది.

"నాకేం ఎరుకరా. మీ నాయన ఎన్నడన్న మూసిండా దాన్ని? ఎప్పుడు చూసినా బార్లా తీసి గోడకే ఉండె. ఫోన్ ఇనబడదని."

రాత్రి తలుపును పూర్తిగా తెరిచి, గోడకు ఆనించి అతికించాను. లోపలి వైపు మాత్రం రంగు వేయాలి. అది గుర్తుంది, గోధుమ రంగు, నాయన చెయ్యి తగిలే చోట కాస్త నల్లగా.